కరువేడాదిలో ఉమ్మడి జలాశయం: ఏ పంపకం ఎక్కడ పనికొస్తుంది?

శ్రీశైలం గేట్లు ఎత్తిన ఏడాది పంపకాల ఊసే ఉండదు. గేట్ల ముందు సెల్ఫీలు దిగి వచ్చేస్తాం. వానలు మొహం చాటేసిన ఏడాదే లేఖలు, లెక్కలు, టీవీ చర్చలు. 2023 నవంబర్ 30న, తెలంగాణలో పోలింగ్ జరుగుతున్న రోజే, నాగార్జునసాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్రప్రదేశ్ పోలీసులు కంచె వేసుకుని కుడి కాలువకు నీళ్ళు వదిలారు. తర్వాత కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. ఒకే నదికి రెండు ఒడ్డుల మనుషులు డ్యామ్‌ని నడిమికి కొలుచుకునే దాకా వచ్చిందంటే, కొరత ఏడాదికి రూలు సరిగా లేదనే అర్థం.

ఉమ్మడి జలాశయంలో నీళ్ళు తగ్గితే ఏం చేయాలన్నది ప్రపంచంలో చాలా నదుల మీద తేల్చుకున్న, తేల్చుకోలేకపోయిన సమస్యే. మన ముందు నాలుగైదు దారులున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి, కృష్ణా మీద ఏది నిలబడుతుందో చూద్దాం. ఆయకట్టు రైతులకీ, నీటి సంఘాల్లో ఉన్నవాళ్ళకీ చివర్లో వేరే మాట ఉంది. పైన రాష్ట్రాలు ఏం తేల్చుకున్నా, పెద్ద కాలువ నుంచి మీ ఊళ్ళకు చీలే మేజరు కాలువ దగ్గర మళ్ళీ ఇదే పంపకం మీరు చేయాలి కదా.

ముందు ఒక లెక్క

"డ్యామ్‌లో 150 టీఎంసీలు ఉన్నాయి, మాకు యాభై ఇవ్వడానికేం?" అని ఎవరైనా అంటే, ఏ మట్టం పైన అని అడగండి (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు). సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ సుమారు 312 టీఎంసీలు. కానీ కాలువలకు కనీస మట్టం 510 అడుగులు. ఆ మట్టం దగ్గరే లోపల 131 టీఎంసీల పైచిలుకు ఉంటుంది. అంటే సాగుకు చేతికొచ్చేది 180 చిల్లర. శ్రీశైలం 885 అడుగుల దగ్గర సుమారు 215 టీఎంసీలు, 854 దగ్గర 90 లోపు. ఒకప్పుడు ఇదే శ్రీశైలం 308 టీఎంసీల జలాశయం. మిగతా చోటు పూడిక తినేసింది.

శ్రీశైలంలో గొడవంతా ఆ 854 అడుగుల మట్టం చుట్టూనే తిరుగుతుంది. రాయలసీమ కాలువలకు నీళ్ళు తీసే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట ఉండే తూముల కట్టడం) గడప 841 అడుగుల దగ్గర ఉంది. తూముల సామర్థ్యం 44 వేల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) పెంచినా, మట్టం దిగేకొద్దీ అందులోకి నీళ్ళు ఎక్కడం తగ్గిపోతుంది. 854 దగ్గర ఏడు వేల క్యూసెక్కులు కూడా కష్టమని ఆంధ్రప్రదేశ్ వాదన. అవతల ఎడమ గట్టున తెలంగాణ జలవిద్యుత్ కేంద్రం అంతకంటే కింద కూడా కరెంటు తీయగలదు. కరెంటుకు వాడిన నీళ్ళు ఎక్కడికీ పోవు, నేరుగా సాగర్‌కే చేరతాయి. కృష్ణా మొత్తం లెక్కలో ఒక్క చుక్క తగ్గదు. కానీ రాయలసీమ రైతు వాటా నీళ్ళు కాగితం మీద అలాగే ఉండి, అతని తూముకి అందని లోతుకు వెళ్ళిపోతాయి. 2021 జూన్, జూలై నెలల్లో తగాదా సరిగ్గా దీని మీదే. కాబట్టి టీఎంసీల్లో మాత్రమే రాసుకున్న ఏ ఒప్పందమైనా శ్రీశైలం దగ్గర సగం ఒప్పందమే.

మొదటి దారి: స్థిర నిష్పత్తి

మనం ఇప్పుడున్నది ఇందులోనే. కృష్ణా నీళ్ళను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను 2015లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా తాత్కాలికంగా సర్దుకున్నారు. తర్వాతి ఏళ్ళలో వాడుకలో 66:34 నిష్పత్తి నడిచింది. తాత్కాలికమన్నది ఏడాదికేడాది సాగుతూ వచ్చింది. ట్రిబ్యునల్ తేల్చేదాకా సగం సగం అని తెలంగాణ అంటూ వచ్చింది. 2023 అక్టోబరులో కేంద్రం ఈ పంపకాన్ని కృష్ణా మీద రెండోదైన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.

నిష్పత్తిలో సుఖం ఏంటంటే ఎవరికైనా అర్థమవుతుంది, కాలిక్యులేటర్ ఉంటే చాలు. దేని మీద నిష్పత్తి అన్న దగ్గరే చిక్కు వస్తుంది. ఏడాది మొత్తం మీదా, ఈ రోజు డ్యామ్‌లో ఉన్నదాని మీదా? వరద రోజుల్లో తోడుకున్నది లెక్కలోకి వస్తుందా, రాదా? ఒకరు తమ వాటా జనవరికే వాడేసి, ఎండాకాలం తాగునీళ్ళ పేరుతో మళ్ళీ అడిగితే? నిష్పత్తి వీటిలో దేనికీ జవాబు చెప్పదు. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఏడాదికి 66:34 అయినా, 50:50 అయినా నడిచిపోతుంది. కరువేడాదికి ఏ అంకె పెట్టినా ఇవే ప్రశ్నలు మిగులుతాయి. మనవాళ్ళ ఆవేశమంతా ఆ అంకె మీదే ఖర్చవుతుండటం చూస్తే కాస్త బాధేస్తుంది.

రెండో దారి: లోటును దామాషాగా మోయడం

దీనికి మంచి నమూనా, చెడ్డ నమూనా రెండూ పక్కనే ఉన్నాయి.

మంచిది తుంగభద్ర. 1953 నుంచి అక్కడ బోర్డు ఉంది. డ్యామ్ నుంచి వాడకానికి 212 టీఎంసీలు, ఆవిరికి 18, మొత్తం 230 అని లెక్క. అందులో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.5, రాజోలిబండ మళ్ళింపు పథకానికి 6.51. నిజంగా 212 రావడం అరుదు. డ్యామ్ కట్టినప్పటి నిల్వ 133 టీఎంసీలైతే ఇప్పుడు 105 చిల్లరే. అందుకని నీటి సంవత్సరం (జూన్ నుంచి మే దాకా) మొదట్లో ఈసారి ఎంత రావచ్చో బోర్డు అంచనా కడుతుంది. ఆ అంచనాని వాటాల దామాషాలో పంచి, ప్రవాహాలు మారేకొద్దీ సవరిస్తుంది. అనంతపురం హెచ్‌ఎల్‌సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద రైతుకు 32.5 టీఎంసీలు అన్నది పుస్తకంలో అంకె. ఈ ఏడాది ఎంత అన్నది ముందే చూచాయగా తెలుస్తుంది. కోపాలు రాకుండా పోవు, కాలువ మధ్యలో అక్రమంగా తోడేస్తున్నారని మనవాళ్ళు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు. అయినా డ్యామ్ మీద కంచెలు పడలేదు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా ఎవరి గేటు, ఎవరి బాధ్యత అని కొట్టుకోకుండా వారంలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు బదులు అడ్డంగా దించే ఉక్కు పలకలు) దించి నీళ్ళు నిలబెట్టారు.

చెడ్డది కావేరి. సూత్రం అక్కడా దామాషానే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కర్ణాటక సరిహద్దులోని బిలిగుండ్లు దగ్గర తమిళనాడుకు ఏడాదికి 177.25 టీఎంసీలు వదలాలి. నెలవారీ పట్టిక కూడా ఉంది. జూలైలో 31.24, ఆగస్టులో 45.95, సెప్టెంబర్లో 36.76, ఇలా. లోటు వస్తే దామాషాలో తగ్గించుకోవాలి. కానీ లోటు ఎంత, దాన్ని ఎప్పుడు ప్రకటించాలి, ఏ జలాశయాలు లెక్కలోకి వస్తాయి అన్నది ముందే బిగించి రాసుకోలేదు. దాంతో 2023లో పదిహేను రోజులకోసారి కమిటీ కూర్చుని ఐదు వేల క్యూసెక్కులు, మూడు వేల క్యూసెక్కులు అంటూ ఆదేశాలివ్వడం, అది పట్టుకుని రెండు పక్కలా సుప్రీంకోర్టుకు పరిగెత్తడం, సెప్టెంబర్ 26న బెంగళూరు బంద్, 29న కర్ణాటక బంద్. తమిళనాడు డెల్టాలో పైరు పొట్ట దశకొచ్చాక పంపకం గురించి బేరమాడితే ఎవరు తగ్గుతారు?

అంటే దామాషా పద్ధతి మంచిదా కాదా అన్నది అంచనా ఎప్పుడు వేస్తారన్న దాని మీదే ఆధారపడుతుంది. విత్తనాలకు ముందు వేస్తే తుంగభద్ర, పైరు నిలబడ్డాక వేస్తే కావేరి.

మూడో దారి: ముందొచ్చినవాడికి ముందు

అమెరికాలో కొలరాడో నది మీద ఇది గట్టిగా నడుస్తుంది. పాత హక్కు ఉన్నవాడు పూర్తిగా తీసుకున్నాకే కొత్తవాడికి. 2022లో మొదటిసారి అధికారిక కొరత అమల్లోకి వచ్చినప్పుడు అరిజోనాకు సుమారు 22 టీఎంసీలు కోశారు. అది ఆ రాష్ట్రం వాటాలో ఐదో వంతుకు కాస్త తక్కువ. కాలిఫోర్నియాకు ఒక్క చుక్క కూడా కోయలేదు. మధ్య అరిజోనాకు నీళ్ళు తెచ్చే పెద్ద కాలువ కట్టుకోవడానికి 1968 చట్టంలో అరిజోనా ఒప్పుకున్న షరతు అది. కాలువ కావాలంటే వరసలో చివర నిలబడాలి. నిలబడింది, యాభై ఏళ్ళ తర్వాత అక్కడి పత్తి, పచ్చిగడ్డి రైతులు బీడు పెట్టుకున్నారు.

మనకిది కొత్తేమీ కాదు. బచావత్ కూడా 1960 నాటికి ఉన్న వాడకాలకు రక్షణ ఇచ్చింది. కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు అలా వచ్చినవే. బెజవాడ ఆనకట్ట 1855 నాటిది మరి. గొడవలు తక్కువ రావాలంటే ఈ పద్ధతిని మించింది లేదు, వరస ముందే తెలుసు కాబట్టి. నేను మాత్రం దీన్ని కృష్ణాకు సిఫారసు చేయను. మన దగ్గర వరసలో చివర ఉన్నది ఎవరు? పాలమూరు, రాయలసీమ, నల్లగొండ మెట్ట. వానలు తక్కువ పడే చోటే కాలువ ఆలస్యంగా వచ్చింది. రాష్ట్రాలు మారకపోయి ఉంటే పాలమూరుకు నీళ్ళు వచ్చి ఉండేవన్న జాలితో బచావత్ జూరాలకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. పాత హక్కు పద్ధతిని అక్షరాలా పాటిస్తే కరువు ఏడాదిలో ఆ జాలి కూడా మిగలదు.

డెల్టా విషయంలో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోవాలి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీళ్ళు జూన్, జూలై నెలల్లోనే ప్రకాశం బ్యారేజీకి చేరుతున్నాయి. పులిచింతలలో 45 టీఎంసీల దాకా ఆపుకోవచ్చు. డెల్టా నారుమళ్ళకు సాగర్ వైపు చూసే అవసరం అలా తగ్గింది. ఆ మేరకు పైన మిగిలిన కృష్ణా నీళ్ళు ఎవరివి అన్నది మళ్ళీ ఇంకో తగాదా. పోలవరం మళ్ళింపుకు బదులుగా సాగర్ ఎగువన దక్కాల్సిన 45 టీఎంసీలు తమవని తెలంగాణ అంటోంది. ఎవరిదని తేలినా సరే, వేరే నది నుంచి కింద నింపి పైన వదిలేయడం కరువేడాదికి ఉన్న వాటిలో చాలా మేలైన పని.

నాలుగో దారి: మట్టాన్ని బట్టి కోత

కొలరాడో మీదే ఉన్న లేక్ మీడ్ జలాశయానికి 2007లో ఒక నియమం రాసుకున్నారు. నీటి మట్టం 1,075 అడుగుల కిందికి వస్తుందని తేలితే ఇంత కోత, 1,050 అయితే ఇంకొంచెం, 1,025 అయితే మరింత. ఎవరికెంత అన్నది పట్టికలో ముందే ఉంది. ఆగస్టు నెలలో వచ్చే ఏడాదికి అంచనా వేస్తారు, ఏ మెట్టు మీద ఉన్నామో ప్రకటిస్తారు, జనవరి నుంచి అమలు. 2021 ఆగస్టులో మొదటిసారి ప్రకటించినప్పుడు రైతుల చేతిలో నాలుగు నెలల టైం ఉంది. కోత పడ్డవాళ్ళు సంతోషించలేదు కానీ, ఎవరూ దెబ్బతిని ఆశ్చర్యపోలేదు కూడా.

దీనికీ లోపముంది. మెట్లు పెట్టినప్పుడు ఊహించిన దానికంటే నది ఎక్కువ ఎండింది. 2022 జూలైకి మట్టం 1,040 దాకా పడింది, రాసుకున్న కోతలు చాలవని అర్థమైంది. ఆ నియమాల గడువు 2026తో అయిపోతుంది. ఇంకో సంగతి, మీడ్ అనేది రెండేళ్ళ నది ప్రవాహాన్ని దాచుకోగల మహా జలాశయం. మన జలాశయాలు ఒక్క వరదకు నిండుతాయి, ఒక్క సీజన్‌కి ఖాళీ అవుతాయి. అందుకని ఆగస్టులో చూసి జనవరిలో కోయడం మనకు కుదరదు. మనకు రెండు తేదీలు కావాలి. ఆగస్టు మూడో వారంలో ఖరీఫ్‌కు, అక్టోబర్ నెలాఖరులో రబీకి. ఆ రోజు శ్రీశైలం, సాగర్ మట్టాలు చూసి ఏ మెట్టు అన్నది తేల్చాలి. శ్రీశైలానికైతే మట్టం అంటే నిల్వ ఒక్కటే కాదు, ఎవరి తూము అందుతుందో చెప్పే గీత కూడా. కాబట్టి ఈ పద్ధతి మిగతా ఏ జలాశయానికన్నా దానికే ఎక్కువ నప్పుతుంది. 854 కిందికి వెళ్ళే పరిస్థితి ఉంటే కరెంటు ఎప్పుడు ఆపాలి, 834 దగ్గర ఏ ఎత్తిపోతలు ఆగాలి అని ముందే రాసిపెట్టుకోవచ్చు.

ఐదో దారి: ఎవరి ఖాతా వాళ్ళది

నాకు బాగా నచ్చింది ఇది. ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద హ్యూమ్ అని ఒక డ్యామ్ ఉంది. నిల్వ సుమారు 106 టీఎంసీలు, అంటే మన తుంగభద్ర అంత. అందులోని నీళ్ళను న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలు బ్యాంకు ఖాతాల్లాగా నడుపుకుంటాయి. వచ్చిన ప్రవాహం ఎవరి ఖాతాలో ఎంత జమ, వదిలినది ఎవరి ఖాతాలో ఖర్చు, ఆవిరైనది ఎవరెంత మోయాలి, అన్నీ రాస్తారు. ఒక రాష్ట్రం ఖాతా నిండిపోతే మిగులు పక్క రాష్ట్రం ఖాతాలోకి పొర్లుతుంది. కిందున్న దక్షిణ ఆస్ట్రేలియాకు మామూలు ఏడాది సుమారు 65 టీఎంసీలు పై రెండు రాష్ట్రాలూ ఇవ్వాలి, కరువైతే దానికీ వేరే లెక్క ఉంది. డ్యామ్ నుంచి ఎప్పుడు ఎంత వదలాలో చెప్పేది మూడో సంస్థ.

దీని వల్ల మనుషుల నడవడిక మారుతుంది. ఈ ఏడాది వాడకుండా దాచుకుంటే వచ్చే ఏడాది అవి నావే అని తెలిస్తే ఎవరైనా ఆచితూచి వాడతారు. మన దగ్గర మే 31తో నీటి సంవత్సరం అయిపోతే లెక్క చెరిపేసినట్టే. మిగిల్చినవాడు పిచ్చోడు. తన మిగులును తర్వాతి ఏడాదికి జమ చేయమని తెలంగాణ అడిగింది, ఆంధ్రప్రదేశ్ ఒప్పుకోలేదు. ఇక్కడ నేను తెలంగాణ అడిగినదాంట్లోనే న్యాయం ఉందనుకుంటాను. కాకపోతే అడిగినవాళ్ళు రెండు షరతులకు కూడా ఒప్పుకోవాలి. దాచుకున్న నీళ్ళ మీద ఆవిరి నష్టం దాచుకున్నవాళ్ళదే. జలాశయం నిండి గేట్లు ఎత్తితే ముందు పోయేది దాచుకున్న నీళ్ళే.

ఖాతాలు నడవాలంటే కొలత కచ్చితంగా ఉండాలి, మనకు లేనిది అదే. కాలువల మీద టెలిమెట్రీ (ప్రవాహాన్ని దానంతటదే కొలిచి పంపే యంత్రాలు) తొలి దశ పెట్టారు, రెండో దశ ఏళ్ళ తరబడి నలుగుతూ వచ్చింది. ఎవరి ఇంజనీరు లెక్క వాళ్ళదే అయినంత కాలం ఖాతా పుస్తకం తెరిచి లాభం లేదు.

తాళాలు బోర్డుకిస్తే సరిపోతుందా?

2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది, ప్రాజెక్టులన్నీ రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళు చూసే కృష్ణా బోర్డు చేతికి రావాలని. ఏళ్ళు గడిచినా పూర్తిగా రాలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. రూలు రాయకుండా తాళం చేతికిస్తే బోర్డు చేసేది కూడా కమిటీ వేసి, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలను (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లను) కూర్చోబెట్టి, ఎంత అని అడగడమే. తుంగభద్ర బోర్డు నిలబడింది డ్యామ్ తన చేతిలో ఉండటం వల్ల ఎంతో, ఏడాది పొడవునా ఏం చేయాలో తెలిసి ఉండటం వల్ల కూడా అంతే.

నన్ను తేల్చమంటే ఇలా తేలుస్తాను. ముందు తాగునీళ్ళు పక్కన పెట్టాలి. హైదరాబాద్‌కు సాగర్ నుంచి ఏడాదికి 16.5 టీఎంసీలు, చెన్నైకి తెలుగుగంగ ఒప్పందం ప్రకారం 15 టీఎంసీలు, ఇంకా జిల్లాల పథకాలు, అన్నీ జూన్ నుంచి తర్వాతి జూలై దాకా లెక్కగట్టి మట్టంలోనే దాచేయాలి. ఆ తర్వాత శ్రీశైలానికి మట్టాల మెట్లు. సాగర్‌కు ఖాతాలు, తర్వాతి ఏడాదికి జమ చేసే వీలుతో. నిష్పత్తి ఎంతన్నది ట్రిబ్యునల్ ఎప్పుడు తేలిస్తే అప్పుడు ఈ చట్రంలో పెట్టుకోవచ్చు. చట్రానికి ఆ అంకె కోసం ఆగాల్సిన పని లేదు.

ఇక మీ కాలువ సంగతి

మీ మేజరుకు ఈ సీజన్ సగం నీళ్ళే అని చెప్పారనుకోండి. ఒక టీఎంసీ అంటే ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే వచ్చే నీళ్ళు, 23 వేల ఎకరాల్లో ఒక అడుగు నిలబడే నీళ్ళు. మన ఇంజనీర్లు వాడే మోటు లెక్కలో ఒక టీఎంసీకి వరి ఆరు వేల ఎకరాలు, ఆరుతడి (నీళ్ళు నిలబెట్టకుండా తడులతో పండే పంటలు) పదివేల ఎకరాలు. ఇక్కడి నుంచి మీ ఎంపిక మొదలవుతుంది.

ఆయకట్టంతా వేసుకుని వారబందీ (వంతులవారీగా నీళ్ళు వదలడం) పెట్టుకోవడం అందరికీ న్యాయంగా కనిపిస్తుంది. కాలువ చిన్నదై, తూములు చూసే లష్కర్లు ఉండి, చివరి తూము దాకా ఒక్క రోజులో నీళ్ళు చేరితేనే అది నడుస్తుంది. సాగర్ ఎడమ కాలువ లాంటి పొడవాటి వాటి మీద ఆన్ అండ్ ఆఫ్ పెడితే, కాలువ మళ్ళీ నిండి చివరి భూములకు చేరేలోపే బంద్ చేసే రోజు వచ్చేస్తుంది. పొట్ట దశలో ఒక్క తడి తప్పితే తాలు గింజలే. పైవాళ్ళు మోటార్లు పెట్టుకుని తోడేస్తే ఎవరు ఆపుతారు?

అలాంటి చోట సగం ఆయకట్టుకు పూర్తి నీళ్ళు ఇచ్చి, మిగతా సగాన్ని వచ్చే సీజన్‌కు ముందు వరసలో పెట్టడం నయం. దీనికి ఊళ్ళో పెద్దమనుషుల మాట చెల్లాలి, ఎవరి సగం అన్నది కాగితం మీద ఉండాలి. నల్లరేగడి ఉన్నవాళ్ళకు ఇంకా మంచి దారి ఆరుతడి. రబీలో మినుము, శనగ, జొన్న వేసుకుంటే తేమ మీదే సగం పంట గట్టెక్కుతుంది. వరికి అలవాటుపడ్డ చేను, అలవాటుపడ్డ చేయి మారడం కష్టమే. మార్కెట్ టెన్షన్ కూడా ఉంటుంది. అందుకే కనీసం ఖరీఫ్‌లో స్వల్పకాలిక రకం వరితో మొదలుపెట్టడం, పొలంలో నీళ్ళు నిలబెట్టకుండా తడిపి ఆరబెట్టే పద్ధతి పాటించడం లాంటి చిన్న మార్పులు ముందు చేయండి.

ఏది ఎంచుకున్నా నార్లు పోయకముందే తేలాలి. ఈసారి సంఘం మీటింగ్‌కి ఇంజనీరు వచ్చినప్పుడు ఎన్ని టీఎంసీలు ఇస్తారని అడగొద్దు. మా తూముకి ఎన్ని తడులు, ఆఖరి తడి ఏ తేదీన, మట్టం ఎంతకు పడితే అది రద్దవుతుంది అని అడిగి, మినిట్స్ పుస్తకంలో రాయించుకోండి.